పుట్టింటికి బయలుదేరిన పెంకులు

పేరయ్యగారింట్లో తెలివి ఏనాడూ నిండుకోలేదు. వాడితే కదా నిండుకోవడానికి! ఊళ్ళో ఎవరికి సలహా కావాలన్నా మా గుమ్మం ఎక్కాల్సిందేనని ఆయన భార్య రత్తమ్మ చెప్పుకునేది. ఎవరూ ఎక్కిన పాపాన పోలేదు.

కొడుకు గవరయ్యకి పెళ్ళి కుదిరినప్పుడు పిల్ల తండ్రి వీరరాఘవయ్య తెగేసి చెప్పాడు. "బావగారూ, మీది తాటాకిల్లు. ఇల్లు కురిస్తే మాత్రం మా వనజని మీ ఇంట్లో ఉంచను." అంతే, పేరయ్య తాటాకు పీకించి మంగళూరు పెంకులు నేయించాడు. ఆ ఊపులోనే వంటింట్లో కడప బండలు పరిపించాడు. వైశాఖంలో పెళ్ళయింది.

ఆషాఢం వచ్చింది. కొత్తకోడల్ని పుట్టింటికి తీసుకెళ్ళడానికి వస్తున్నానని వీరరాఘవయ్య కబురు పెట్టాడు. సారె సర్దుతున్న రత్తమ్మ ఎందుకో పైకి చూసింది.

"ఏవండీ, వనజా ఈ పెంకులూ ఒకేసారి మనింటికొచ్చాయి కదా?"

"అవునే."

"మరి దానికి పుట్టిల్లుంది, వీటికి లేదా? మంగళూరునించి ఒక్కరైనా వచ్చి చూశారా, పాపం," అని కళ్ళొత్తుకుంది.

పేరయ్య గుండె కరిగిపోయింది. ఇంకేముంది, తండ్రీకొడుకులు ఇల్లెక్కి పెంకులన్నీ దించారు. మంగళూరు దారి తెలిసిన బండివాడు దొరికేదాకా ఉండమని దొడ్లో నిలబెట్టి, ఒక్కోదానికీ బొట్టు పెట్టారు. అది చూసి బండలు చిన్నబుచ్చుకుంటాయని గవరయ్యకి బెంగ పట్టుకుంది. అవీ పెకలించారు. నాన్నకి ఉప్మా చేద్దామని వనజ డబ్బా తీస్తే రత్తమ్మ లాక్కుంది.

"బొంబాయి రవ్వమ్మా ఇది. అన్నిటికన్నా దూరం దీనికే. ముందు దీన్ని పంపాలి."

"వానొస్తే నాన్న నన్ను మళ్ళీ పంపడు అత్తయ్యా," అంది వనజ. ఆ పిల్లకి ఏడుపొక్కటే తక్కువ.

వాన రానే వచ్చింది. వెనకే వీరరాఘవయ్యా వచ్చాడు. ఇంట్లో అందరూ మంచమ్మీద గొడుగులేసుకుని కూర్చున్నారు.

"ఇల్లు కురవదన్నారుగా బావగారూ?"

"కురవడం లేదండి," అన్నాడు పేరయ్య ధీమాగా. "కప్పుంటే కదా కురవడానికి. ఇదంతా ఆకాశం పని."

వీరరాఘవయ్య కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "పద. ఇక ఈ గడప తొక్కొద్దు."

వనజ కదల్లేదు. "నాన్నా, పెంకుక్కూడా పుట్టిల్లుందని గుర్తుపెట్టుకునే అత్తగారు నాకు ఇంకెక్కడ దొరుకుతారు? శ్రావణంలో నేనొచ్చేస్తాను."

ఆయన దొడ్లో బొట్లతో తడుస్తున్న పెంకుల్ని చూశాడు. నవ్వాపుకోలేకపోయాడు. తన బండి మీది టార్పాలిన్ పట్టా విప్పి ఇంటిమీద కట్టించాడు. "మా అమ్మాయి వచ్చేలోగా ఆ పెంకులు మళ్ళీ ఎక్కించండి," అన్నాడు.

వనజని ఎక్కించుకుని బండి వీధి మలుపు తిరుగుతుంటే వెనకనించి కేకలు. గవరయ్య వానలో పరుగెత్తుకొస్తున్నాడు, నెత్తిమీద పట్టా మడత.

"మావయ్యా, మర్చిపోయారు! మీ ఊరినించి కొత్తగా వచ్చింది కదా. ఆషాఢంలో దీన్ని మా ఇంట్లో ఉంచుకుంటే, నలుగురూ మమ్మల్ని బుద్ధిలేనివాళ్ళంటారు."