మసి లేని గుండిగ

వరదలో మునిగిన లంకకి రాజు ఒక రాగి గుండిగ పంపాడు. నది మధ్య మేట వేసిన ఒండ్రు మీద ఇళ్ళు కట్టుకుని బతికేవాళ్ళ ఊరది. గుండిగతో పాటు బియ్యం మూటలూ వచ్చాయి. గంజి కాచుకు తాగండి, ప్రాణాలు నిలబెట్టుకోండి అని కబురూ వచ్చింది.

గంజి కాచి పోసింది ఒక ముసలావిడ. వరద ఆవిడ ఇంటినీ గొడ్డునీ తీసుకుపోయింది గానీ గరిటెని వదిలేసింది. అందుకే అందరికీ ఆవిడ గరిటె మామ్మ. నోరు పెద్దది. వరసలో తోసుకొచ్చినవాడికి గరిటె కాడతో వీపు మీద ఒకటి వేసేది. ఆ వెంటనే వాడి ముంతలో ఓ గరిటె ఎక్కువే పోసేది.

నీళ్ళు తీశాయి. ఒండ్రులో నాట్లు పడ్డాయి, పంట చేతికొచ్చింది. ఒక్కో ఇంట్లో పొయ్యి అంటుకున్నకొద్దీ వరస పలచబడింది. చివరికి ఒకరోజు మామ్మ గరిటె పట్టుకుని నిలబడితే ముంత పట్టుకుని ఎవరూ రాలేదు. ఎండ నెత్తికెక్కేదాకా చూసింది. అప్పుడు గుండిగ దింపించి, "హమ్మయ్య, నా ఉద్యోగం ఊడింది!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది.

అక్కడ రాజుకి ఒక సందేహం వచ్చింది. ఇన్ని ఊళ్ళకి ఇన్ని గుండిగలు పంపాను కదా, అవి ఏం మేలు చేశాయి? సందేహం మంచిదే. తేల్చుకు రమ్మని ఒక అధికారిని పంపాడు. ఆయన దగ్గర దంతపు పిడి కత్తి ఉండేది. ఊరికి వెళ్ళగానే గుండిగని బోర్లించి అడుగున మసి గీకి చూసేవాడు. మసి మందంగా ఉంటే సాయం పనిచేసినట్టు, ఆ గుండిగని ఆపదలో ఉన్న ఇంకో ఊరికి పంపవచ్చు. మసి లేకపోతే సాయం వృథా, గుండిగ కోట కొట్లోకి పోవలసిందే. పొయ్యెక్కిన గుండిగకే కదా మసి పట్టేది! ఆయన్ని జనం చాటుగా మసి దొర అనుకునేవారు.

ఈ సంగతి కొన్ని ఊళ్ళకి ముందే పొక్కింది. వాళ్ళు ఆకలి తీరాక కూడా గుండిగ దించలేదు. వట్టి నీళ్ళు పోసి మంట పెడుతూ కూర్చున్నారు. ఎంత తెలివో చూడండి!

లంకకి మాత్రం తెలియదు. రాజుగారి మనిషి గుండిగ చూడ్డానికి వస్తున్నాడని మాత్రమే తెలిసింది. ఎరువు తెచ్చుకున్న గిన్నెని మసితో తిరిగివ్వడమంటే ఆ లంకలో తలకొట్టేసినట్టే. ఆడవాళ్ళంతా కొంగులు బిగించి చింతపండూ బూడిదా కొబ్బరి పీచూ పట్టుకుని దాని మీద పడ్డారు. మామ్మ పక్కన నిలబడి, "ఆ అంచు కింద! అక్కడ మీ అమ్మమ్మ తోముతుందా?" అని కసురుతూనే ఉంది. సాయంత్రానికి గుండిగ తళతళలాడింది. మామ్మకి తలెత్తుకు తిరగాలనిపించింది.

మసి దొర వచ్చాడు. గుండిగ బోర్లించి కత్తి పెట్టి గీకాడు. కత్తికి ఏమీ అంటలేదు. ఆయన మొహం మాడిపోయింది.

"ఇది పొయ్యి మొహమే చూడలేదు. రాజుగారి సాయం ఇక్కడ మట్టిపాలైంది."

"అయ్యో, అదేం మాట బాబూ! ఈ ఊరంతా దాని గంజితోనే బతికింది," అంది మామ్మ.

"మసి ఏది?"

"తోమేశాం!" అంది మామ్మ గర్వంగా.

"తోమితే నాకేం లెక్క దొరుకుతుంది ముసలమ్మా? ఇక్కణ్ణించి ఇది దిగువ లంకకి పోవలసింది. ఇప్పుడింక కొట్లోకే."

ఈ ఏడు నది ఒరుసుకుంటూ పోయి దిగువ లంకని ముంచేసింది. అక్కడివాళ్ళు చెట్టూ చేమా పట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. కాచుకోవడానికి కుండ లేదు, పిల్లలు పచ్చి దుంపలు కొరుకుతున్నారు.

గుండిగ తోమినవాళ్ళలో ఉన్న మామ్మ కోడలు ఆవిడ చెవి దగ్గరికొచ్చింది. "అత్తా, కింద రెండు గడ్డి మోపులు తగలేద్దాం. చిటికెలో మసి పడుతుంది. దొరకి కావలసింది అదేగా?"

మామ్మ గడ్డివామి వంక చూసింది. దిగువ లంక వంక చూసింది. ఒక్క క్షణం మనసు లాగింది, అబద్ధమెందుకు.

"వద్దే," అంది చివరికి. "మనం అన్నం తిన్న గుండిగ. దానికి దొంగ మసి పూయను." తర్వాత దొర వైపు తిరిగింది. "పట్టుకుపోండి బాబూ. కానీ ఎరువు గిన్నె ఖాళీగా పంపడం మా ఇంటా వంటా లేదు. కాసేపు ఆగండి."

ఇంటింటి నుంచీ చేటలు కదిలాయి. కొత్త బియ్యం వచ్చి గుండిగలో పడ్డాయి. అంచుదాకా నిండింది.

"ఈ బియ్యం దిగువ లంకవాళ్ళవి. దారిలోనే కదా, ఇచ్చేసి పోండి," అంది మామ్మ.

"వాళ్ళకి కుండలే లేవు. దేంట్లో పొయ్యను?"

"అదే కదా నేనూ అంటున్నది!" అని మామ్మ పడవలోకి కట్టెల మోపు కూడా విసిరింది. "మీకు మసి కావాలన్నారు. అక్కడ పొయ్యి మీద పెట్టించండి, బోలెడంత దొరుకుతుంది."

దొర పడవెక్కాడు. పడవ దిగువకి సాగింది. గట్టు మీద పొగ లేవడం మామ్మ కళ్ళారా చూసింది. ఆ రాత్రి కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది.

ఆ తర్వాత నది మరోసారి పొంగి తీసింది. ఒక పొద్దుట రాజుగారి పడవ లంక రేవులో ఆగింది. పడవలో అదే గుండిగ, నిండా బెల్లం అచ్చులు. పక్కన దొర ఉన్నాడు. నడుముకి కత్తి లేదు.

మామ్మ బెల్లం వంక చూడనేలేదు. వంగి అడుగు తడిమింది. మెరుస్తోంది గానీ అంచు కింద చారెడు మసి అలాగే ఉంది.

"ఎవరు తోమారయ్యా దీన్ని, ఇంత అధ్వాన్నంగా?"

దొర గొంతు సవరించుకున్నాడు. "దిగువ లంకవాళ్ళు దీన్ని తోమి, వాళ్ళ కొత్త బియ్యం నింపి రాజుగారికి పంపారు మామ్మగారూ. ఆయన అందులోనే వండించుకుని తిన్నారు. తిన్నాక తోమకుండా, ఖాళీగా ఎలా పంపడం అన్నారు. కొబ్బరి పీచు ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు."

మామ్మ ఆ మసిని వేలితో ఇంకోసారి తడిమింది. తర్వాత నడుం నిటారుగా చేసి లేచింది.

"పోన్లే పాపం, మొదటిసారి కదా," అంది. "చింతపండు ఇస్తాను, పట్టుకెళ్ళు. అంచు కింద వేలు పెట్టి తోమాలని చెప్పు."