తవుడు గీయని గీత

సూరపరాజు మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు లోహాల బలం లెక్కలు కట్టి తెస్తే ఆయన కూడికలూ గుణకారాలూ చూడరు. కాగితంలో ఏదో ఒక అంకె మీద వేలు పెట్టి, "దీన్ని ఎవరు చూశారు?" అంటారు. పుస్తకంలో ఉందండీ అంటే ఒప్పుకుంటారు. ఎవరో ఒకరు ఆ లోహాన్ని కొలిమిలో పెట్టి, బరువు వేలాడదీసి, ఎంత సాగిందో కళ్ళారా చూసే రాసి ఉంటారని ఆయన నమ్మకం. నాకు అలా తోచిందండీ అంటే మాత్రం కాఫీ కూడా ఇవ్వకుండా పంపించేస్తారు. గాజువాకలో ఆయన వరండాలో ఆదివారాలు కూర్చుని నేర్చుకున్న మా అందరికీ ఆ కాఫీ లేని పొద్దులు అనుభవమే.

ఒక ఆదివారం వాగ్దేవి వచ్చింది. ఎరువుల ఫ్యాక్టరీలో వేడి గొట్టాలు ఒత్తిడికి తట్టుకుంటాయో లేదో లెక్క కట్టే ఉద్యోగం ఆమెది. కూర్చోకుండానే, "మాస్టారూ, పుస్తకం ఆగిపోయిన చోట ఏం చెయ్యాలి?" అని అడిగింది.

సంగతి ఇది. ఫ్యాక్టరీని ఏడాదికోసారి ఆపి మరమ్మతులు చేస్తారు. అవి ఆ రోజులు. అక్కడ ఒక గొట్టం ఎనిమిదేళ్ళుగా ఎనిమిది వందల డెబ్భై డిగ్రీల వేడిలో పనిచేస్తోంది. దాని లోహానికి ఏ వేడిలో ఎంత బలమో చెప్పే పట్టిక ఎనిమిది వందల దగ్గరే ఆగిపోయింది. ఆపైన ఖాళీ. వాగ్దేవి ఆ చివరి అంకెల మీదుగా స్కేలు పెట్టి గీతను ముందుకు లాగింది. అంకె దొరికింది. దాన్ని వేసి లెక్క కడితే మరో రెండేళ్ళు ఢోకా లేదని తేలింది. మంగళవారం ఆమె సంతకం పెడితే గొట్టం అలాగే ఉండిపోతుంది. దాని కింద నుంచి షిఫ్టుకి పదకొండు మంది నడుస్తారు.

"లెక్క సరిపోయింది మాస్టారూ. నాకే అన్నం సయించడం లేదు" అంది.

మాస్టారు ఆ అంకె మీద వేలు పెట్టలేదు. పైగా కాఫీ ఇప్పించారు. అదే మాకు వింత. ఆమె తాగేదాకా ఆగి, "రేపు టూల్ రూముకి వెళ్ళమ్మా. తవుడు దగ్గర ఒక రేకు పట్టీ ఉంటుంది, చూపించమను" అన్నారు. ఆపైన పేపరు విప్పుకున్నారు.

గొర్లె తవుడు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఫిట్టరు. మేకుకి వేలాడుతున్న సన్నని ఉక్కు పట్టీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. అంత వేడిలో లోపలి ఒత్తిడికి లోహం కొద్దికొద్దిగా సాగి గొట్టం లావెక్కుతూనే ఉంటుంది, వాడగా వాడగా నవారు మంచం వదులైనట్టు. ఏటా గొట్టం చల్లారాక తవుడు ఆ పట్టీని ఒకే చోట చుట్టి, కొస ఎక్కడికొస్తే అక్కడ గీత గీసి, పక్కన అది ఎన్నో సంవత్సరమో సుత్తితో అచ్చు కొట్టేవాడు. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. సూరపరాజు గారు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసే రోజుల్లో ఏదో మాటల్లో అడిగితే మొదలుపెట్టి, ఆయన రిటైరయ్యాకా మానలేదు.

ఒకటి నుంచి ఆరు దాకా గీతలు బియ్యపుగింజ ఎడంలో బుద్ధిగా ఉన్నాయి. ఆ తర్వాత ఉన్నది ఎనిమిదో గీత, రెండు రోజుల కిందట గీసింది. ఆరుకీ ఎనిమిదికీ మధ్య నాలుగు గింజల ఎడం.

"ఏడోది ఏదీ?" అంది వాగ్దేవి.

"పోయినేడు నాకు జెరమొచ్చి పడిపోనానమ్మా. మజ్జిలో ఓ గీత పెట్టెయ్యి అన్నారు ఇంజినీరు బాబులు. సూడనిది నానెలా గీత్తానమ్మా?"

ఆమె పట్టీని వెలుగులో పెట్టి చూసింది. ఏడో గీత సరిగ్గా మధ్యలో ఉంటే కొంత నయం. ఆ రెండేళ్ళలో మొదటి ఏడాది ఒక్క గింజే సాగి, తక్కిన మూడూ ఈ ఒక్క ఏడాదిలోనే సాగితే, గొట్టం పరుగు అందుకుందన్నమాట. స్కేలు కోసం చెయ్యి బ్యాగులోకి వెళ్ళింది. అంతలో సిగ్గేసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

మంగళవారం ఆ అంకె కొట్టేసి ఇలా రాసింది: "ఎనిమిది వందల డిగ్రీల పైన ఈ లోహం బలం నాకు తెలియదు. ఇది సాగుతోందని తవుడు చూశాడు. దించి, ముక్క కోసి పరీక్షకు పంపాలి." కింద సంతకం చేసింది. మేనేజరు గారు మొహం చిట్లించారు. తెలియదని రాసిచ్చిన మనిషితో ఏమని వాదిస్తారు? స్టోర్సులో ఉన్న కొత్త గొట్టం ఎక్కింది.

రిపోర్టు రావడానికి పది వారాలు పట్టింది. ఎనిమిది వందల డెబ్భై డిగ్రీల దగ్గర ఆ లోహం బలం ఎంతో ఇప్పుడు ఒకరు చూసి చెప్పారు. ఆమె స్కేలుతో లాగినదానిలో అది సగం కూడా లేదు. ముక్కను కోసి చూస్తే లోపలి నుంచి గోడ సగం మందం దాకా సన్నని చీలికలు. రెండేళ్ళ మాట దేవుడెరుగు.

వాగ్దేవి తిన్నగా యార్డులోకి నడిచింది. పాత గొట్టం గడ్డిలో చల్లగా పడి ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించి, పదకొండు మంది పేర్లూ ఒక్కొక్కటే తలుచుకుంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయట. ఆ మధ్యాహ్నం క్యాంటీనులో అన్నం మారు పెట్టించుకుందని తవుడే మాకు చెప్పాడు, ఏదో తన ఇంట్లో శుభకార్యం జరిగినట్టు.

ఆదివారం ఆమె తేలికపడ్డ మొహంతో వచ్చి అంతా చెప్పింది. మాస్టారు విన్నారు. కాఫీ వచ్చింది. రెండు గుక్కలు తాగాక ఆమె ఉండబట్టలేక, "ఇంతకీ మాస్టారూ, ఆ ఏడో గీత ఎక్కడ పడి ఉండేదంటారు?" అని అడిగింది.

మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

"పోయినేడు తవుడికి జ్వరం వచ్చిందమ్మా" అన్నారు.