ఉప్పు లేని విస్తరి

పూర్వం ఏనుగుమెట్ట కనుమ మీదుగా ఎద్దుల వీపున ఉప్పు తోలుకుపోయి అమ్ముకునే బొల్లన అనే బేహారి ఉండేవాడు. మంచివాడే గానీ, మనసుకు ఇష్టమైన ప్రతి పనినీ "వచ్చేసారి చూద్దాంలే" అని వెనక్కి నెట్టడం అతని జబ్బు. లాభం వచ్చే పనిని మాత్రం ఒక్కనాడూ వచ్చేసారికి ఉంచలేదు.

ఆ కనుమ నెత్తిన వెన్నమ్మ అనే ముసలావిడ పూటకూళ్ళ ఇల్లు నడుపుతుండేది. సముద్రపు ఒడ్డు నుంచి ఎక్కేవాళ్ళూ, పైసీమ నుంచి దిగేవాళ్ళూ అక్కడ ఒక పూట తిని, ఎద్దులకు నీళ్ళు పెట్టుకుని, కాసేపు నడుము వాల్చేవాళ్ళు. ఆ ఇంటికి ఒక ఆచారం ఉండేది. మళ్ళీ వస్తానని మాట ఇచ్చి వెళ్ళినవాడి పేర రోజూ సాయంత్రం ఒక విస్తరి వేసేవాళ్ళు. వాడు వచ్చేదాకా ఆ విస్తరి ముందు ఇంకెవరినీ కూర్చోనిచ్చేవాళ్ళు కాదు.

ఒక ఏడు బొల్లన ఉప్పంతా అమ్ముకుని తిరిగి వస్తూ కనుమ మీద జ్వరంతో పడిపోయాడు. వెన్నమ్మ అతన్ని లోపలికి చేర్చి, కషాయం కాచి తాగించింది. జ్వరం దిగాక మెత్తటి అన్నంలో పప్పుకట్టు కలిపి, ముద్దలు చేసి చేతిలో పెట్టింది. బొల్లనకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. ముద్ద చేతిలో పడగానే అంత మగవాడికీ ఏడుపొచ్చింది.

"ఏం నాయనా, చప్పగా ఉందా? ఏం చేయను, ఇంట్లో ఉప్పు నిండుకుంది, మళ్ళీ ఉప్పు బేహార్లు ఎక్కేదాకా ఇంతే" అంది వెన్నమ్మ.

"లేదవ్వా, బాగుంది! ఉప్పు అమ్ముకునేవాణ్ణి, నా దగ్గరే ఒక్క ఉప్పుకల్లు మిగల్లేదు చూడు. వచ్చేసారి నీకు దోసెడు ఉప్పు తెస్తాను. నీ చేతి ముద్ద తినే పోతాను."

"మాటేనా?"

"మాటే అవ్వా" అన్నాడు బొల్లన.

ఆ మాటను అతను మరిచిపోలేదు. మరుసటి ఏడు బయలుదేరేటప్పుడు తెల్లటి ఉప్పు ఏరి, చిన్న మూట కట్టి నడుముకు దోపుకున్నాడు. కానీ ఆ ఏడే కొండ కింద వాగు వెంట కొత్త దారి పడింది. ఎక్కే బాధ లేదు, ఒక రోజు కలిసొస్తుంది, సంతలో ముందు దిగినవాడిదే బేరం. "వచ్చేసారి చూద్దాంలే" అనుకుని బొల్లన వాగు దారి పట్టాడు.

వాగు మలుపులో తలెత్తి చూస్తే పూటకూళ్ళ ఇంటి పొగ కనిపించేది. ఎన్ని ఊళ్ళలో ఎన్ని విందులు తిన్నా అతని నాలుక ఆ చప్పటి ముద్దకే అంగలార్చేది. పొగ చూసి, "ఉంది, అవ్వ ఉంది" అని తనకు తానే ధైర్యం చెప్పుకునేవాడు.

"ఒరే బొల్లా, ఆ పొగ వైపు తిప్పి తిప్పి నీ మెడ పట్టేస్తుంది. ఒక్కసారి ఎక్కి రారాదూ?" అనేవాడు తోటి బేహారి ముమ్మయ.

"ఈసారి సరుకు ఎక్కువుందిరా. వచ్చేసారి తప్పకుండా వెళ్తాను."

"నీ వచ్చేసారికే కాళ్ళు మొలిచి కొండెక్కాలి!" అని ముమ్మయ నవ్వేవాడు.

ఏళ్ళు గడిచాయి. బొల్లన ఏటేటా మూటలోని పాత ఉప్పు తీసి కొత్తది కట్టేవాడు. కొండ మాత్రం ఎక్కలేదు.

ఒకనాడు వాగు మలుపులో తలెత్తితే పొగ లేదు. బొల్లన ఎద్దుల్ని ముమ్మయకు అప్పగించి, గడ్డి మొలిచిన పాత దారిన పడుతూ లేస్తూ ఎక్కాడు. సాయంత్రానికి పూటకూళ్ళ ఇంటికి చేరాడు. అవ్వకు సాయంగా ఉండే గంగసాని అరుగు మీద దిగులుగా కూర్చుని ఉంది.

"ఈ పూట పొయ్యి వెలిగించలేదన్నా. అవ్వ నిన్న పోయింది. మంచినీళ్ళు మాత్రం ఇవ్వగలను" అంది.

బొల్లన గడప దగ్గరే కూలబడ్డాడు. లోపల నేల మీద ఒకే ఒక విస్తరి వేసి ఉంది.

"అన్నం లేదంటివి. మరి ఆ విస్తరి ఎవరికమ్మా?" అన్నాడు మెల్లగా.

"ఎవరో ఉప్పు బేహారికి. వస్తానని మాట ఇచ్చి వెళ్ళాడట. పొయ్యి ఆరినా ఆ విస్తరి ఆపొద్దని చెప్పి మరీ పోయింది అవ్వ."

"ఇన్నేళ్ళూ రానివాడి మీద ఆవిడకి కోపం రాలేదా?"

"కోపమా! మేమేమన్నా అంటే మామీదే విరుచుకుపడేది. 'వాగు పొంగి ఉంటుంది, ఎద్దుకు కాలు బెణికి ఉంటుంది, పాపం వాడు మాత్రం ఏం చేస్తాడు' అనేది. విస్తరి మూల ఉప్పు మాత్రం వేయనిచ్చేది కాదు. ఉప్పు వాడే తెస్తానన్నాడు అనేది."

ఏ వాగూ పొంగలేదు. ఏ ఎద్దూ కుంటలేదు. ఆ సంగతి బొల్లన ఒక్కడికే తెలుసు.

అతను లేచి వెళ్ళి ఆ విస్తరి ముందు కూర్చున్నాడు. నడుముకున్న మూట విప్పి, విస్తరి మూల చిటికెడు ఉప్పు పెట్టాడు. గంగసాని అది చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"వచ్చానవ్వా" అన్నాడు బొల్లన. ఉప్పు ఉంది గానీ, కలిపి ముద్ద పెట్టే చెయ్యి లేదు.

నీతి: ప్రేమగా ఎదురుచూసే వాళ్ళ దగ్గరికి వెంటనే వెళ్ళాలి, మన ప్రయాణాన్ని వాయిదా వేసుకోగలం గానీ, వాళ్ళ ఆయుష్షును వాయిదా వేయలేం.