ఊ కొట్టిన రాజు

వినయంగానే చెప్పుకుంటున్నాను: ఊ కొట్టడంలో నన్ను మించినవాడు లేడు. ఎవరేం చెప్పినా సరిగ్గా సమయానికి నా ఊ పడుతుంది. గురువు లేకుండా నేర్చిన విద్య. దీన్ని శ్రద్ధ అంటారని నా నమ్మకం. మా ఇంట్లో దీనికి వేరే పేరుంది.

అనగనగా నాలాంటివాడే ఒక రాజు. కాకపోతే ఆయనకు కిరీటం ఉంది. పేరు మేదినీవర్మ. ఆయన ఊ అంటే అది శాసనం. పక్కనే కూర్చున్న రాయసకాడు ఆ మాట వెంటనే తాటాకు మీద గీకేసేవాడు.

ఆ రాజ్యంలో గొల్లల ఆవులకు పసరికొండ ఒక్కటే మేత. రాజుకు జింకల వేట మీద మనసు పోయింది. కొండ చుట్టూ కంచె వేయించాడు. మూడు నెలల్లో ఆవుల డొక్కలు లోపలికి పోయాయి, దూడలకు పాలు లేవు. మొర పెట్టుకుందామంటే కోట వాకిలి దాటనివ్వరు.

ఇంతలో కృష్ణాష్టమి వచ్చింది. ఆ ఒక్కరోజు కొలువులో కృష్ణుడి కథ ఎవరైనా చెప్పవచ్చు. ఊ కొట్టవలసింది మాత్రం రాజే. అది ఆచారం.

మొదటి పండితుడు లేచి సమాసాల మీద సమాసాలు పేర్చాడు. మధ్యాహ్నమైనా కృష్ణుడు పుట్టనే లేదు. రాజు కళ్లు మూసుకుని, “ఊ” అన్నాడు.

రెండో పండితుడు రాగం తీశాడు. తీసి తీసి దారి తప్పి, “అంతట కృష్ణుడు లంకకు వారధి కట్టెను” అన్నాడు.

“ఊ” అన్నాడు రాజు.

మూడోదిగా గొల్ల ఓబులవ్వ లేచింది. చేతిలో ఖాళీ పెరుగు ముంత.

“ఏమే అవ్వా, శాస్త్రం చదివావా?” అన్నాడు రెండో పండితుడు.

“లేదయ్యవారూ. అందుకే మా కిట్టయ్య ఇంకా వారధి కట్టలేదు.”

కొలువంతా నవ్వింది. అవ్వ కథ ఎత్తుకుంది.

“వెన్న దొంగిలించాడని తల్లి రోటికి కట్టబోతే తాడు రెండంగుళాలు తక్కువైంది. తల్లి చెమట చూసి, పోనీలే పాపమని తనే కట్టుబడ్డాడు.”

“ఊ.”

“కాళీయుడు మడుగు నాదన్నాడు. ఆవులు తాగే నీళ్లు ఒకడివి కావంటూ వాడి పడగల మీద చిందులేశాడు.”

“ఊ.”

“ఇంద్రుడు రాళ్లవాన కురిపిస్తే కొండెత్తి ఆవుల్ని కాచాడు. కొండంటే ఆవులదే దొరా. మన పసరికొండా అంతే.”

“ఊ.”

రాయసకాడి గంటం కిర్రుమంది. ఆ చప్పుడుకి రాజు ఉలిక్కిపడ్డాడు.

“ఆగు! నేను కథకు ఊ కొట్టాను గాని, శాసనానికి ఊ అనలేదే!”

“అయితే ఏలినవారు విన్నారా, వినలేదా?” అంది అవ్వ.

విన్నానంటే కొండ పోతుంది. వినలేదంటే దేవుడి కథలో కునుకు తీసినట్టు. పండితులిద్దరూ పైకప్పు దూలాలు లెక్కపెట్టసాగారు. రాజు గడ్డం గోక్కున్నాడు.

“వినలేదవ్వా. నిద్రపోయాను.”

అయినా పడ్డ ఊ పడ్డట్టే అన్నట్టు రాయసకాడు శాసనం రాసిన ఆకును అవ్వకు అందించాడు. అవ్వ దాన్ని అందుకుని రెండుగా చించేసింది. వెనక నిలబడ్డ గొల్లలు, “అయ్యో అవ్వా!” అన్నారు.

“ఊరుకోండర్రా. వెన్న దొంగిలించొచ్చు గాని ఊ దొంగిలించకూడదు. దొర నిజం చెప్పాడు. మళ్లీ మొదటినుంచి చెబుతాను.”

చెప్పింది. ఈసారి రాజు కళ్లు తెరుచుకునే ఉన్నాయి. తాడు చాలనప్పుడు ముందుకు వంగాడు. పడగల మీద చిందులకు తొడ మీద తాళం వేశాడు. కొండ దగ్గరకొచ్చి అవ్వ ఆగింది.

“ఏడు రోజులు మోశాడు దొరా. ఆవుల కోసం.”

రాజు సింహాసనం దిగాడు. అవ్వ ముందు నిలబడి, ఒక్కొక్క గుండెకూ వినబడేలా అన్నాడు:

“ఊ.”

పొద్దు వాలకముందే కంచె కూలింది. పసరికొండ నిండా మెడగంటలు! ముందు అవ్వ, వెనక మంద. ఆ వెనక చెప్పుల్లేకుండా రాజు. కొన్నాళ్లకే అవ్వ ముంత నిండింది.

వినకుండా కొట్టిన వెయ్యి ఊల కన్నా, విని అన్న ఒక్క ఊ గొప్పది.

పొద్దున మా ఆవిడ ఏదో అడిగితే ఊ అన్నాను. ఏమడిగిందో తెలియదు. వినడం నాకింకా రాలేదు.