మగ్గం గది కిటికీ అంచు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా పెదనాన్న కోటిలింగం. ఆయన ఇది జరిగిన ఇంటి పక్కనే ఉండేవాడు, అంతా కళ్ళారా చూశాడు.

చీరాల దగ్గర ఒక నేతపేటలో కాళహస్తాచారి అనే వడ్రంగి ఉండేవాడు. పనిలో దిట్ట, కానీ ఎవరు ఏం చెప్పినా వినేవాడు కాదు.

ఆ పేటలోనే వీరభద్రయ్య తన కూతురి పెళ్ళికి తనే పట్టుచీర నేస్తున్నాడు. ఊరందరికీ నేసిన ఇంట్లో సొంత పిల్లకి పట్టుచీర నేయడం అదే మొదటిసారి. పెళ్ళి పది రోజుల్లో ఉంది. మగ్గం గదికీ వంటగదికీ మధ్య ఒక కిటికీ. దాని అంచున సున్నం పెళ్ళలు రాలి పట్టు దారాల మీద పడుతున్నాయి. వీరభద్రయ్య భార్య నాగరత్నమ్మ ఆచారికి కబురు పెట్టింది.

“కిటికీ చుట్టూ ఇది అంటించండి ఆచారి గారూ,” అంటూ చేతిలోది చూపించింది. చీర కోసేశాక మగ్గం మీద మిగిలే నూలు కొసలను పోగుచేసి, ఎరుపూ పసుపూ కలిపి లావుగా జడలా అల్లింది. గిన్నెలో చింతగింజల బంక కూడా ఉడికించి పెట్టింది.

ఆచారి పగలబడి నవ్వాడు. “కిటికీకి జడ వేస్తావా అమ్మాయ్? రెండు మూరల మల్లెపూలు కూడా తెప్పించు!”

“నవ్వితే నవ్వండి. మేకులు మాత్రం వద్దు. మగ్గం ఆడితే ఈ గోడ అదురుతుంది.”

“నేను కొట్టిన మేకు అదరదు. ముందు మీ ఆయన్ని మగ్గం ఆపమను. కొలత తీస్తుంటే చెయ్యి కదిలిపోతోంది.”

మగ్గం ఆడితే గోడ కదులుతుందని ఆయన నోటితో ఆయనే అన్నాడు, ఆయన చెవికే ఎక్కలేదు. మగ్గం ఆపించి, లతలు చెక్కిన టేకు పట్టీలు నాలుగు వైపులా మేకులతో బిగించాడు. చూడ్డానికి బాగానే ఉంది, అది కాదనను.

మగ్గం మళ్ళీ ఆడింది. మూడో రోజుకి మేకులు వదులై, పై పట్టీ ఊడి సరిగ్గా మగ్గానికి నిలువుగా బిగించిన పడుగు దారాల మీద పడింది. రెండు వందల పోగులు తెగాయి. వీరభద్రయ్య తిండి మానేసి నాలుగు రోజులు ఒక్కో పోగూ అతుకుతూ కూర్చున్నాడు. అయినా చీర పెళ్ళికి అందలేదు. పిల్ల కొన్న చీరతోనే పీటల మీద కూర్చుంది.

నాగరత్నమ్మ మిగతా పట్టీలు పీకేసి తన జడే అంటించింది. పెళ్ళయ్యాక ఆచారి వచ్చి, మగ్గం ఆడుతుండగా దాని మీద చెయ్యి పెట్టి చూశాడు. గోడ అదిరింది గానీ జడ ఊడలేదు, ఒక్క పెళ్ళ రాలలేదు.

“గట్టిగానే ఉంది,” అన్నాడు.

“ఈ మాట పెళ్ళికి ముందు అనాల్సింది,” అంది నాగరత్నమ్మ.

ఆచారి తర్వాత పేటలో ప్రతి మగ్గం గదికీ అదే అంచు వేశాడు. “ఇది నీ ఆలోచనేనా ఆచారీ?” అని అడిగినవాళ్ళ ముందు మీసం దువ్వాడే గానీ కాదనలేదు. ఇప్పటికీ దాన్ని అక్కడ ఆచారి జడ అనే అంటారు. నాకు మాత్రం ఆ పేరు వింటే ఒళ్ళు మండుతుంది.

చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఆ పేటకి వెళ్ళి, అది నాగరత్నమ్మ జడ అని సరిచేయండి. ఎందుకంటే, ఇంటివాళ్ళ మాట కొట్టిపారేయడం ఒక తప్పయితే, తర్వాత ఆ మాటనే తనదిగా చెప్పుకోవడం అంతకంటే పెద్ద తప్పు.