గరుడాద్రి సీమజోడు

కోటవెలగ సంస్థానం రాజావారికి సీమ సరుకంటే వల్లమాలిన మోజు. తెల్లదొరల సీమ నుంచి వచ్చిందంటే పగిలిన సీసానైనా కళ్లకద్దుకుంటారు. ఆ పిచ్చిని ఆసరా చేసుకుని, దొరల మాటలు తెలుగులో చెప్పే దుబాసీ గరుడాద్రి కొలువులో చక్రం తిప్పుతున్నాడు.

ఒకనాడు అతగాడు పట్టుగుడ్డ విప్పి ఒక జోడు రాజావారి ముందు పెట్టాడు. పాదమంత కొయ్య. దాని అడుగున నిలువుగా దిగేసిన ఇనప పట్టా, ముందువైపు పడవ మూతిలా పైకి వంగింది. కట్టుకోవడానికి తోలు వార్లు. మడమ ఆనేచోట పైకి పొడుచుకొచ్చిన మరమేకు.

"సీమలో చలికాలం నదులు రాయిలా గడ్డకడతాయి ప్రభూ! ఇవి తొడుక్కుని ఆ మంచుమీద జారుతూ పోతారు. మూడు నెలలు నేనూ అలాగే తిరిగాను. ఈ పనితనం మన కమ్మరులకు ఏడు జన్మలెత్తినా రాదు. ఆయుధశాల నాకప్పగించండి, సీమ పనివాళ్లను దింపుతాను."

రాజావారు ఆయుధశాల కమ్మరి కొమరాచారి వంక చూశారు.

"ఇదెలా చేశారో చెప్పు ఆచారీ. చెప్పలేకపోతే ఆయుధశాలా, నీ మాన్యమూ గరుడాద్రివే."

కొమరాచారికి ఒళ్లు మండింది. తాతలనాటి కొలిమి ఈ కోతలరాయుడి పాలా? మద్రాసు రేవులో ఏ వేలంపాటలోనో కొనుక్కొచ్చి ఉంటాడు! జోడు అందుకుని గోటితో మీటాడు.

"మెత్తని ఇనుముకు అడుగున ఉక్కు అంచు కాచి అతికారు ప్రభూ. నీళ్లలో ముంచి, సానబట్టి, మంచును పట్టేందుకు పొడుగునా సన్నగా గాడి తీశారు. మేకు మరలు ఆకురాయితో చేత్తో కోసినవే. పది రోజులిస్తే నేనూ చేస్తాను."

మేకు ఎందుకో కూడా అతనికి చూడగానే తెలిసిపోయింది. దొరల బూట్ల మడమలకు లాడాలు కొట్టేది తనే మరి. అయినా అమాయకంగా మొహం పెట్టాడు.

"ఈ మరమేకు సంగతే అంతుపట్టడం లేదు."

"తెలియదు గదా!" గరుడాద్రి ఇకిలించాడు. "మడమ జారకుండా పట్టి ఉంచడానికి."

"మూడు నెలలు తొడిగినవారు, ఒక్కసారి తొడిగి చూపించండి బాబూ. మా కళ్లు తెరుచుకుంటాయి."

"తొడుగు, తొడుగు!" రాజావారు ముచ్చటపడ్డారు.

కొలువులోకి ఎంతటివాడైనా పాదరక్షలు బయట విడిచే రావాలి. గరుడాద్రి వట్టికాలు కొయ్యమీద పెట్టి, మేకు తగలకుండా మడమ పైకెత్తి మునివేళ్లమీద నిక్కాడు.

"అలాగైతే మంచుమీద పడిపోరూ?" అంటూ ఆచారి వినయంగా వంగి, మడమ మీది తోలు వారును బిర్రుగా లాగాడు.

"చచ్చాన్రో!"

దుబాసీ ఒకచోట, తలపాగా ఒకచోట పడ్డాయి.

"ఏమైంది ఆచారీ?" రాజావారు అదిరిపడ్డారు.

"ఆ మేకు ఎత్తుమడమ బూటులోకి తిప్పి బిగించాలి ప్రభూ. నిజంగా తొడిగినవాడైతే ముందు బూట్లు అడిగేవాడు."

"మరి మూడు నెలలు తిరిగానన్నాడే?"

ఆచారి చేతులు కట్టుకున్నాడు.

"ఈ జోడు ఆయన్ని ఇవాళే మొదటిసారి చూసింది ప్రభూ. కొత్తవాళ్లని కరవదూ మరి!"

కొలువంతా గొల్లుమంది. రాజావారు కడుపు పట్టుకుని నవ్వి, చేతి కంకణం తీసి ఆచారికి తొడిగి, మాన్యం రెట్టింపు చేశారు. ఆ జోడును గరుడాద్రి మెడలో వేయించి, కోటగుమ్మం దాకా కుంటిస్తూ సాగనంపారు.