వెంకాయమ్మ ఖాళీ చేసిన మేత సంచి

అనగనగా ఒక చెరువు. అడవిలో చెరువు కాదు. నాలుగు వైపులా గట్లు పోసి, చేపల కోసం మనుషులు తవ్వుకున్న చెరువు. అందులో శీలావతి జాతి చేప ఒకటి ఉండేది. పేరు వెంకాయమ్మ.

కిందటేడు వల లాగినప్పుడు వెంకాయమ్మ బురదలో తల దూర్చి తప్పించుకుంది. తనతో పెరిగినవాళ్లెవరూ మిగల్లేదు. కొన్నాళ్లు అంత చెరువులోనూ ఒక్కతే తిరిగింది. తర్వాత ఒకనాటి ఉదయం డ్రమ్ముల్లో కొత్త చేపపిల్లలు వచ్చాయి. వాటికి తల్లెవరో తండ్రెవరో తెలియదు. వెంకాయమ్మ అందులో ముగ్గురిని చేరదీసింది.

గుండు బొచ్చె జాతి పిల్లవాడు. తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది. ఎప్పుడూ నీటి పైభాగంలోనే తిరిగేవాడు. చుక్కి శీలావతి పిల్ల. నడి నీళ్లలో ఉండేది. బంగారి మోసు జాతి పిల్ల. అడుగున బురదను ఒరుసుకుంటూ తిరిగేది. ఎవరి చోటు వాళ్లది.

రోజూ పొద్దున్నే నాంచారయ్య అనే రైతు దోనెలో వచ్చేవాడు. తవుడూ వేరుసెనగ చెక్కా కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, నీళ్లలో పాతిన కర్రలకు కట్టేవాడు. చేపలు చిల్లుల దగ్గర మూతులు పెట్టి మేత లాక్కుని తినేవి. మధ్యాహ్నం నాంచారయ్య మళ్లీ వచ్చి సంచులు ఎత్తి చూసేవాడు. సంచి ఖాళీగా వస్తే చేపలు బాగున్నట్టు. మేత మిగిలితే ఏదో తేడా ఉన్నట్టు. నీళ్ల లోపల జరిగేది మనిషికి కనిపించదు. చేపలకు మనిషి భాష రాదు. ఇద్దరి మధ్యా నడిచే మాట ఆ సంచి ఒక్కటే.

వెంకాయమ్మకు ఒక భయం ఉండేది. కిందటేడు గాలివానకు రోడ్డు తెగి, పది రోజులు మేత బండి రాలేదు. అప్పుడు ఆమె చెల్లెలు చిక్కిపోయింది. ఒళ్లు కరిగి తల ఒక్కటే మిగిలినట్టయింది. వెంకాయమ్మ ఆ తలను మరిచిపోలేదు. అందుకే సాయంత్రం అయ్యేసరికి ముగ్గురి దగ్గరికీ వెళ్లి అడిగేది.

"తిన్నావా?"

"తిన్నాను పెద్దమ్మా."

ఆ మాట విన్నాకే ఆమె మొప్పలు నెమ్మదిగా ఆడేవి.

ఇలా ఉండగా ముసురు పట్టింది. ఎండ లేదు. మబ్బు కమ్మిన రోజున నీళ్లలో గాలి పలచబడుతుంది. గాలి పలచబడితే చేపకు ఆకలి మందగిస్తుంది. అది జబ్బు కాదు. ఒళ్లు తనను తాను కాచుకునే పద్ధతి. ఆ సంగతి వెంకాయమ్మకు తెలుసు. కానీ భయం ముందు తెలివి నిలవదు.

మొదటి రోజు గుండు మేత సంచి దగ్గరి నుంచి వెనక్కి వచ్చేశాడు.

"నాకొద్దు పెద్దమ్మా. కడుపు రాయిలా ఉంది."

"రాయి మింగావా ఏంటి? ఇంకో నాలుగు ముద్దలు తిను."

"నిన్న తిన్నదే ఇంకా లోపల కూర్చుని ఉంది. దాన్ని లేవమని నువ్వే చెప్పు."

వెంకాయమ్మ సంచి వైపు చూసింది. సగానికి పైగా మిగిలి ఉంది. ఇది చూస్తే నాంచారయ్య రేపు మేత తగ్గిస్తాడు. ఎల్లుండి ఇంకా తగ్గిస్తాడు. తర్వాత అసలు రాడేమో. ఆమె కళ్ల ముందు చెల్లెలి తల కదిలింది. వెంటనే సంచిని మూతితో గట్టిగా గుద్దింది. చిల్లుల్లోంచి తవుడు జలజలా రాలి అడుక్కి దిగింది. ఇంకోసారి గుద్దింది. సంచి ఖాళీ అయింది. చెరువులో అందరికన్నా పెద్దది ఆమే. ఆమెను చూసి మిగతా చేపలూ తమ తమ సంచులను గుద్దాయి.

అడుగున ఒక ముసలి నత్త ఉండేది. అది డిప్పలోంచి తల బయటపెట్టింది.

"ఏమమ్మా వెంకాయమ్మా, నా నెత్తిన తలంబ్రాలు పోస్తున్నావు. పెళ్లెవరితో?"

"పిల్లల కోసం మావయ్యా."

"పిల్లలు పైనున్నారు. మేత కిందుంది. ఎవరి కోసమో నాకు బోధపడలేదు."

మధ్యాహ్నం నాంచారయ్య వచ్చి సంచులు ఎత్తాడు.

"గింజ మిగల్చలేదు. పాపం, చాలటం లేదు కాబోలు," అనుకున్నాడు.

మర్నాడు ప్రతి కర్రకూ రెండేసి సంచులు కట్టాడు.

రెండో రోజు చుక్కి కూడా తినలేదు. వెంకాయమ్మ రెండు సంచులూ గుద్దింది. మేత అడుగున పేరుకుని పులిసింది. నత్త ఒక జానెడు కర్ర పైకి పాకి అక్కడ ఆగింది.

"కింద వాసన మొదలైంది," అంది.

"నీకు పిల్లల్లేరు మావయ్యా. నా బాధ నీకేం తెలుస్తుంది?"

"పిల్లల్లేరు. ముక్కుంది."

ఆ సాయంత్రం వెంకాయమ్మ కిందకు వంగి బంగారిని పిలిచింది. అడుగున నీళ్లు మసగ్గా ఉన్నాయి. పిల్ల సరిగా కనిపించలేదు.

"తిన్నావా?"

కాసేపటికి కింది నుంచి మాట వచ్చింది. "తిన్నాను పెద్దమ్మా."

మూడో రోజు మూడేసి సంచులు వచ్చాయి. చేపలు వాటినీ గుద్ది ఖాళీ చేశాయి. చెరువు అడుగు నల్లబడింది. కుళ్లిన గుడ్డు కంపుతో బుడగలు పైకి లేచాయి. నత్త కర్ర మీద నీటి అంచు దాకా ఎక్కేసింది.

నాలుగో రోజు తెల్లవారుతుండగా చెరువంతా చేపలు పైకి తేలాయి. నోళ్లు తెరిచి గాలి కోసం తన్నుకుంటున్నాయి. గట్టు మీద కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"ఏం వెంకాయమ్మా, పిల్లలను చలిగాలికి తిప్పుతున్నావా?" అంది కొంగ. "మంచి పని. నాకు మెడ చాచే శ్రమ తప్పింది."

వెంకాయమ్మ గుండును చూసింది. చుక్కిని చూసింది. ఆ పక్కన ఇంకో పిల్ల ఒక వైపుకు ఒరిగి తేలుతోంది. మొప్పల ఎరుపు పోయి గోధుమరంగు తిరిగింది. అది బంగారి. అడుగున తప్ప ఎక్కడా ఉండని పిల్ల.

"నువ్వు పైకెందుకు వచ్చావే?"

"కింద ఊపిరాడటం లేదు పెద్దమ్మా."

"ఎప్పటి నుంచి?"

"మొన్నటి నుంచి."

"నిన్న కూడా అడిగానే. తిన్నానన్నావు."

"తినలేదు. మూడు రోజులైంది."

"మరి అబద్ధం ఎందుకు చెప్పావు?"

బంగారి రెండుసార్లు నోరు తెరిచి మూసింది.

"అడిగేటప్పుడు నీ మొప్పలు దడదడా కొట్టుకుంటాయి. తిన్నానంటే నెమ్మదిస్తాయి. అందుకని."

కొంగ ముక్కు నీళ్లలోకి దిగింది. వెంకాయమ్మ బంగారికి అడ్డుపడింది. ఆమె వీపు మీద రెండు పొలుసులు ఊడిపోయాయి. ఆమె అంత పెద్దది కాబట్టి కొంగకు పట్టు చిక్కలేదు. అది విసుక్కుని నాలుగడుగులు అవతలికి పోయింది.

వెంకాయమ్మకు నొప్పి తెలియలేదు. ఆమె ఖాళీ సంచుల వైపు చూస్తోంది. ఈ పిల్ల తనకు చెప్పిన మాటే, తను మూడు రోజులుగా నాంచారయ్యకు చెప్పింది. తినకుండానే తిన్నామని.

దోనె చప్పుడైంది. నాంచారయ్య నాలుగేసి సంచులు కట్టి వెళ్లాడు. గుండు ఆయాసపడుతూ వచ్చాడు.

"పెద్దమ్మా, గుద్దమంటావా?"

"వద్దు. ఇవాళ ఎవరూ సంచి జోలికి పోవద్దు. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి."

"చూశాడంటే మేత ఆపేస్తాడు."

"ఆపనీ."

"తర్వాత ఆకలేస్తే?"

"వేసినప్పుడు చూద్దాం. ఇప్పుడు వేయటం లేదుగా."

అలా అంది గానీ, ఎండ లేని ఆ పూటంతా ఆమె మూతి రెండుసార్లు సంచి దాకా వెళ్లింది. రెండుసార్లూ వెనక్కి లాక్కుంది. బంగారిని తన రెక్క పక్కన, గట్టుకు దూరంగా నిలబెట్టుకుంది.

మధ్యాహ్నం నాంచారయ్య వచ్చాడు. మొదటి సంచి ఎత్తబోతే లేవలేదు. రెండు చేతులతో ఎత్తాడు. రెండోది అంతే. మూడోది అంతే. దోనెలో అలాగే కూర్చుండిపోయాడు. తర్వాత దోనె నెట్టే గెడను అడుగుకంటా గుచ్చి పైకి తీశాడు. కొసకు అంటిన నల్ల బురదను వాసన చూశాడు.

"ముసుర్లో ఇంత తింటాయా అని ఒక్కసారైనా అనుకోలేదు," అన్నాడు. "ఖాళీ సంచులు చూసి మురిసిపోయాను."

సంచులన్నీ విప్పి దోనెలో వేసుకున్నాడు. తూము తెరిచి కాలవ నీళ్లు పెట్టాడు. కొత్త నీళ్లు చల్లగా, గలగలమంటూ వచ్చాయి. పాత నీళ్లు అవతలి తూములోంచి పోయాయి. ఉత్తరపు మూల కొన్ని చేపలు అప్పటికే చచ్చి తేలి ఉన్నాయి. వాటిని ఏరి, గట్టు వెనక గొయ్యి తీసి పూడ్చాడు. కొంగకు ఒక్కటీ వదల్లేదు.

అయిదు రోజులు మేత లేదు. వెంకాయమ్మ భయపడింది దానికే. వచ్చింది కూడా అదే. ఆమె రోజూ ముగ్గురి తలలూ చూసేది. ఒళ్లు కరగలేదు. గుండు తల మొదటి నుంచీ పెద్దదే. మూడో రోజున ఎండ కాసింది. నాలుగో రోజున చుక్కి గంతులేసింది. అయిదో రోజున నత్త కర్ర దిగి తన చోటికి వెళ్లిపోయింది.

"మావయ్యా, వాసన పోయిందా?" అని అడిగింది వెంకాయమ్మ.

"పోతోంది. తలంబ్రాలు మాత్రం ఇక చాలమ్మా."

ఆరో రోజు పొద్దున నాంచారయ్య కర్రకు ఒక్కటి చొప్పున సంచులు కట్టాడు. అవీ సగం సగమే నింపాడు. చెరువంతా వాటి చుట్టూ మూగింది. సాయంత్రం వెంకాయమ్మ అడుక్కి దిగింది. బంగారి తన చోట తను ఉంది.

"తిన్నావా?"

బంగారి ఆమె మొప్పల వైపు చూసింది. తర్వాత చెప్పింది.

"కొంచెమే తిన్నాను పెద్దమ్మా. ఇంకా సరిగ్గా దిగటం లేదు."

వెంకాయమ్మ మొప్పలు దడదడా కొట్టుకున్నాయి. అవి ఆగేదాకా ఆమె ఊరుకుంది. అప్పుడు అంది.

"సరే. దిగినంతే తిను."

మర్నాడు మధ్యాహ్నం సంచిలో రెండు గుప్పెళ్ల మేత మిగిలింది. నాంచారయ్య దాన్ని చేత్తో తడిమి చూశాడు. "ఇంకా కోలుకోలేదన్నమాట," అని ఆ పై రోజుకు రెండు గుప్పెళ్లు తగ్గించాడు.

వెంకాయమ్మ కింది నుంచి అంతా చూసింది. సంచిని ముట్టుకోలేదు.

నీతి: మన బాగు చూసేవాళ్లకు ఉన్నమాట ఉన్నట్టు తెలియనివ్వాలి. ఆ మాట దాచుకోనక్కర్లేకుండా అడగటం పెద్దవాళ్లు నేర్చుకోవాలి.